రొమ్ములో గడ్డ: మొత్తం తీయించాలా, గడ్డ వరకేనా? అంతకంటే ముందు తేల్చుకోవాల్సినవి

మా వదినకు ఎడమ రొమ్ములో గడ్డ స్నానం చేస్తుంటే చేతికి తగిలింది. నొప్పి లేదు. నొప్పి లేదు కదా అని రెండు నెలలు ఎవరికీ చెప్పలేదు. చెప్పిన మూడో రోజుకే ఇంటికి దగ్గర్లో ఉన్న ఒక చిన్న నర్సింగ్ హోంలో కోసి తీసేశారు. "చిన్నదేనమ్మా, తీసేస్తే పీడా పోతుంది" అన్నారు. మేమూ సరే అన్నాం. పది రోజులకు రిపోర్టు వచ్చింది. క్యాన్సర్. తీసిన ముక్క అంచుల్లో కణాలు ఉన్నాయి, అంటే లోపల ఇంకా మిగిలి ఉండొచ్చు. ఏ వైపు అంచులో ఉందో మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు. ముక్కకు ఇది పైవైపు, ఇది చంక వైపు అని దారంతో గుర్తు కట్టలేదు మరి.

గడ్డ రెండు సెంటీమీటర్లే. ముందే సూదితో ముక్క తీసి పరీక్ష చేయించుంటే వదిన రొమ్ము దక్కేదని రెండో ఆస్పత్రిలో సర్జన్ మెల్లగా చెప్పారు. మళ్లీ అన్ని వైపులా కోయాలంటే మిగిలేది ఏమీ లేదు. అలా మొత్తం తీయించుకోవాల్సి వచ్చింది. వదిన ఎంచుకోవాల్సిన విషయాన్ని మా తొందర ఎంచుకుంది. ఆ బాధతోనే ఇది రాస్తున్నాను, ఇంకో ఇంట్లో అలా జరగకూడదని.

2020లో వచ్చిన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ నివేదిక చూస్తే, దేశంలో క్యాన్సర్ కేసులు నమోదు చేసే రిజిస్ట్రీలన్నిటిలో రొమ్ము క్యాన్సర్ రేటు హైదరాబాద్‌లోనే ఎక్కువ. వయసు తేడాలు సర్దాక లక్ష మంది ఆడవాళ్లకు ఏడాదికి 48 కేసులు. కాబట్టి మన బంధువుల్లో, మన అపార్ట్‌మెంట్‌లో ఎవరికో ఒకరికి ఈ అవసరం పడుతుంది. పడినప్పుడు అందరూ ఫోన్‌లో అడిగేది ఒక్కటే: "ఏ హాస్పిటల్ మంచిది?" ఆ ప్రశ్న ముఖ్యమే, కానీ అది మొదటిది కాదు.

సూదా, కత్తా?

చేతికి తగిలేంత పెరిగిన గడ్డ నిన్న మొన్న పుట్టింది కాదు, చాలాసార్లు కొన్నేళ్లుగా లోపల ఉన్నదే. పరీక్షలకు రెండు మూడు వారాలు పడితే కొంప మునగదు. రెండు మూడు నెలలు దాచుకుంటే మునుగుతుంది. ఈ తేడా ఇంట్లో అందరికీ తెలియాలి, ఎందుకంటే మనవాళ్లు సాధారణంగా దీన్ని తలకిందులు చేస్తారు. నెలల తరబడి దాస్తారు, తెలిసిన రోజు నుంచి గంటలు లెక్కపెడతారు.

ముందు స్కానింగ్. 40 దాటితే మామోగ్రామ్, దానికి తోడు అల్ట్రాసౌండ్. 30 లోపు వాళ్లకు రొమ్ము కణజాలం దట్టంగా ఉంటుంది, మామోగ్రామ్‌లో గడ్డ కనబడకుండా దాక్కోవచ్చు, అందుకని అల్ట్రాసౌండ్‌తో మొదలుపెడతారు. రిపోర్టు చివర బైరాడ్స్ అని ఒక అంకె ఉంటుంది. 4 గానీ 5 గానీ ఉంటే ముక్క పరీక్ష తప్పదు. 4 అంటే క్యాన్సర్ అని కాదు, అనుమానం ఉంది కాబట్టి తేల్చుకోమని.

ముక్క పరీక్షలో మూడు దారులు. ఒకటి సన్న సూది, ఎఫ్ఎన్ఏసీ. చవక, త్వరగా తేలుతుంది, కానీ విడి కణాలే వస్తాయి. క్యాన్సర్ కణాలు ఉన్నాయో లేదో చెబుతుందే తప్ప, అది చుట్టుపక్కలకు పాకే రకమా కాదా అన్నది చెప్పలేదు. రెండోది కోర్ బయాప్సీ, కాస్త లావు సూది, విడి కణాలు కాకుండా కణజాలం ముక్కలే వస్తాయి. మూడోది మాకు జరిగినట్టు గడ్డ మొత్తం కోసి పరీక్షకు పంపడం. నా మాట సూటిగా చెబుతాను: కోర్ బయాప్సీ అడగండి. గడ్డ ఉన్న చోట సూది పెట్టడం కుదరదని డాక్టరు కారణం చెబితే తప్ప, పరీక్ష పేరుతో గడ్డ కోయించుకోవద్దు.

రెండో ఆస్పత్రిలో వదిన చంకలో కాస్త ఉబ్బిన లింఫ్ గ్రంథి (రొమ్ము జబ్బు సాధారణంగా ముందు పాకేది వీటికే) నుంచి కోర్ బయాప్సీ తీస్తుంటే నేను పక్కనే ఉన్నాను. తిమ్మిరి ఇంజెక్షన్ ఇచ్చి, అల్ట్రాసౌండ్ తెర చూస్తూ సూది పెట్టారు. స్టేప్లర్ కొట్టినట్టు టక్‌మని శబ్దం. అలా నాలుగు సార్లు. నర్సు చిన్న సీసా ఎత్తి చూపించింది. అడుగున నాలుగు తెల్లటి పోగులు, సేమియా విరిచి వేసినట్టు. పావుగంటలో అయిపోయింది, ఆటోలో ఇంటికొచ్చేశాం. "సూది గుచ్చితే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుంది" అని మా మేనత్త ఏడ్చి గోల చేసింది. ఈ మాట హైదరాబాద్‌లో ప్రతి వెయిటింగ్ హాల్లో వినిపిస్తుంది. సూది పరీక్ష వల్ల జబ్బు ముదిరిపోదు, ఆయుష్షు తగ్గిపోదు. ప్రపంచమంతటా మొదట చేసేది ఇదే.

ఆ సేమియా పోగుల నుంచి వచ్చే కాగితం మీద మూడు మాటలు వెతకండి: ఈఆర్, పీఆర్, హెర్‌టూ. మొదటి రెండూ కణాల్లో ఆడ హార్మోన్లను పట్టుకునే రిసెప్టర్లు. పాజిటివ్ అయితే ఆ గడ్డ హార్మోన్‌ను తిని పెరుగుతోందని అర్థం, దాన్ని ఆపడానికి మాత్రలు ఉన్నాయి. హెర్‌టూ కణాల మీద ఉండే ఒక ప్రొటీన్, అది 3+ అయితే దానికి ప్రత్యేకమైన ఇంజెక్షన్ ఉంది. 2+ వస్తే అటూ ఇటూ కాని ఫలితం, ఫిష్ అనే ఇంకో టెస్ట్‌తో తేల్చాలి, అది అడక్కుండా వదిలేయకండి. మూడూ నెగెటివ్ అయితే ట్రిపుల్ నెగెటివ్ అంటారు, అక్కడ కీమోదే ప్రధాన పాత్ర. ఈ మూడు మాటలూ తెలియకుండా ఎవరైనా ఆపరేషన్ తేదీ ఇస్తే, ఆగి అడగండి.

ఇంకో చిన్న సంగతి. ఆ ముక్కలను మైనంలో పొదిగి, అగ్గిపెట్టెంత బ్లాక్‌గా చేసి ల్యాబ్‌లో ఉంచుతారు. రెండో అభిప్రాయానికి వెళ్లేటప్పుడు రిపోర్టు కాగితంతో పాటు స్లైడ్లు, బ్లాకులు కూడా అడిగి తీసుకోండి. లేకపోతే కొత్త ఆస్పత్రి మళ్లీ మొదటికొస్తుంది.

ముందు ఆపరేషనా, ముందు కీమోనా?

"ముందు కోసేయండి డాక్టర్, తర్వాత ఏదైనా ఇవ్వండి." ఇది సహజంగా వచ్చే మాట. గడ్డ చిన్నదై, చంకలో గ్రంథులు మామూలుగా ఉండి, హార్మోన్ పాజిటివ్ అయితే అదే సరైన దారి కూడా. కానీ గడ్డ పెద్దదైనా, చంకకు పాకినా, లేదా రెండు సెంటీమీటర్లు దాటిన గడ్డ ట్రిపుల్ నెగెటివ్ గానీ హెర్‌టూ పాజిటివ్ గానీ అయినా ముందు కీమో ఇవ్వడానికే మొగ్గు చూపుతారు. గడ్డ కుంచించుకుపోతే రొమ్ము మొత్తం తీయాల్సిన చోట కొంచెం తీస్తే సరిపోవచ్చు. అంతకంటే పెద్ద లాభం, మందు పనిచేస్తోందో లేదో కళ్లముందే తెలియడం. గడ్డ ముందే తీసేస్తే ఆ కొలత పోతుంది. ముందు కీమో ఇచ్చాక ఆపరేషన్‌లో ఇంకా కణాలు మిగిలి ఉంటే దాన్ని బట్టి తర్వాతి మందు మార్చే వీలుంది.

కీమోకు ముందు గడ్డలో చిన్న లోహపు క్లిప్ పెట్టించుకోవడం మర్చిపోవద్దు. మందుకు గడ్డ పూర్తిగా కరిగిపోతే, అది ఎక్కడ ఉండేదో సర్జన్‌కు దారి చూపేది ఆ క్లిప్పే. కీమో నడుస్తున్నప్పుడు 100.4 ఫారెన్‌హీట్ జ్వరం వస్తే పారాసిటమాల్ వేసి పొద్దున చూద్దాంలే అనుకోకూడదు, రాత్రైనా సరే ఆస్పత్రికి వెళ్లాలి. తెల్లకణాలు పడిపోయినప్పుడు ఇన్ఫెక్షన్ గంటల్లో ముదురుతుంది.

మొత్తమా, గడ్డ వరకేనా?

ఇంట్లో పెద్ద గొడవ ఇక్కడే. అన్నయ్య, మేనమామలు, అత్తగారి వైపు వాళ్లు, అందరిదీ ఒకటే మాట: మొత్తం తీయిస్తే మళ్లీ రాదు. మనసుకు అది నిజమే అనిపిస్తుంది. లెక్కలు మాత్రం అలా చెప్పవు.

ఇటలీలో మిలాన్‌లో ఉంబెర్టో వెరోనెసి, అమెరికాలో బెర్నార్డ్ ఫిషర్ అనే సర్జన్లు 1970ల్లోనే దీన్ని పరీక్షకు పెట్టారు. కొంతమందికి రొమ్ము మొత్తం, కొంతమందికి జబ్బు ఉన్న భాగం వరకే తీసి, 20 ఏళ్ల పాటు గమనించారు. 2002లో రెండు అధ్యయనాలూ ఒకే మాట చెప్పాయి: బతికిన కాలంలో తేడా లేదు. అయితే ఒక షరతు. గడ్డ వరకే తీస్తే రేడియేషన్ దాదాపు తప్పనిసరి. ఫిషర్ అధ్యయనంలో రేడియేషన్ తీసుకోని వారిలో నూటికి 39 మందికి అదే రొమ్ములో మళ్లీ వచ్చింది, తీసుకున్నవారిలో 14 మందికి. ఇప్పటి మందులతో ఆ అంకె ఇంకా తగ్గింది.

అందుకే ఈ ఎంపికలో అసలు తూచాల్సింది రేడియేషన్‌ను. మన దగ్గర చాలామంది "కరెంటు పెట్టడం" అంటారు, ఆ మాటతోనే సగం భయం. నిజానికి టేబుల్ మీద పడుకుంటే మిషన్ చుట్టూ తిరుగుతుంది, నొప్పి ఉండదు, పది పదిహేను నిమిషాల్లో లేస్తారు. వారానికి ఐదు రోజులు, మూడు వారాలు, మొత్తం 15 సిట్టింగ్‌లు ఇప్పుడు మామూలైపోయింది. పాత పద్ధతి ఐదు వారాలు. కొందరికి ఒక్క వారంలో ఐదు సిట్టింగ్‌లతో ముగించే పద్ధతీ వచ్చింది. ఐదు వారాలు అని చెబితే, మూడు వారాల కోర్సు మీకు ఎందుకు కుదరదో అడిగి తెలుసుకోండి. ఎడమ రొమ్ము అయితే గుండెకు దెబ్బ తగలకుండా ఊపిరి బిగబట్టి చేయించే పద్ధతి ఉంది, ఆ ఆస్పత్రిలో చేస్తారా అని కూడా అడగండి.

ఉప్పల్‌లో ఉండి హైదరాబాద్ అవతలి చివరున్న నల్లగండ్లకు రోజూ వెళ్లి రావడం, సూర్యాపేట నుంచి వచ్చి మూడు వారాలు ఎవరింట్లోనో ఉండటం, ఇవన్నీ నిజమైన ఇబ్బందులే. రేడియేషన్ తప్పించుకోవడానికే మొత్తం తీయించుకునేవాళ్లు ఉన్నారు. వాళ్లకు ఒక మాట ముందే తెలియాలి. గడ్డ ఐదు సెంటీమీటర్లు దాటినా, చంకలో నాలుగైదు గ్రంథులకు పాకినా, మొత్తం తీయించుకున్నాక కూడా రేడియేషన్ ఇస్తారు. రెండూ పడే అవకాశం ఉందా అని ఆపరేషన్‌కు ముందే అడగండి.

మొత్తం తీయడమే మంచిదయ్యే సందర్భాలూ ఉన్నాయి. రొమ్ములో వేర్వేరు చోట్ల జబ్బు ఉండటం, చిన్న రొమ్ములో పెద్ద గడ్డ, రొమ్మంతా ఎర్రబడి వాచే రకం, ఇదివరకే ఛాతీకి రేడియేషన్ తీసుకుని ఉండటం. వంశపారంపర్యంగా రొమ్ము క్యాన్సర్ ముప్పు పెంచే బీఆర్‌సీఏ జన్యువు లోపం ఉన్నవాళ్లు కూడా దీని గురించి ఆలోచిస్తారు. ఇవేవీ లేకపోతే రొమ్ము ఉంచుకోవడం అందం కోసం పడే ఆరాటం కాదు, చికిత్సగా అదీ సమానమే. 60 ఏళ్లొచ్చాయి, ఇంక ఎందుకులే అని ఇంట్లోవాళ్లు తేల్చేయకూడదు. ఆవిడను గదిలో కూర్చోబెట్టి, మగవాళ్లంతా బయటికి వెళ్లాక, ఒంటరిగా అడగాలి.

మొత్తం తీశాక ఎలా ఉంటుందో కూడా చెప్పాలి, ఎవరూ చెప్పరు కనుక. వదినకు చంక కింద నుంచి ఒక ట్యూబు, చివర నీరు చేరే ప్లాస్టిక్ డబ్బా పెట్టారు. మా అమ్మ పాత లంగా గుడ్డతో దానికో సంచి కుట్టింది, మెడలో వేసుకునేలా. రోజూ పొద్దున ఎన్ని మిల్లీలీటర్లో చూసి క్యాలెండర్ మీద రాసేదాన్ని. 90, 70, 75, 50. వరుసగా రెండు రోజులు 30 లోపు వచ్చాక తీసేశారు. భుజం బిగుసుకుపోకుండా గోడ మీద వేళ్లు పైకి పాకించే వ్యాయామం చెప్పారు. మా వంటింటి గోడ మీద పెన్సిల్ గీతలు ఇంకా ఉన్నాయి, ఆరు వారాల్లో పోపుల డబ్బా అరకు అందింది.

పైట ఎడమ భుజం మీదే కదా, పైకి తెలియదులే అని ఓదార్చేవాళ్లు. వదిన ఇబ్బంది అది కాదు. బరువు లేక బ్రా ఆ వైపు పైకి జరిగిపోతుంది. దూది పెడితే మధ్యాహ్నానికి పక్కకు పోతుంది. చివరికి టైలర్‌తో జాకెట్ లోపలి వైపు జేబు కుట్టించి, బరువున్న సిలికాన్ ప్యాడ్ పెట్టుకుంటోంది, భుజాలు రెండూ సమంగా నిలుస్తున్నాయి. పొట్ట దగ్గరి కొవ్వుతో గానీ ఇంప్లాంట్‌తో గానీ రొమ్మును మళ్లీ కట్టే ఆపరేషన్లు హైదరాబాద్‌లో జరుగుతున్నాయి. కావాలనుకుంటే మొదటి ఆపరేషన్‌కు ముందే ప్లాస్టిక్ సర్జన్‌ను కలవాలి, తర్వాత గుర్తొస్తే పని పెరుగుతుంది.

చంక విషయం ఒక్క మాటలో. స్కాన్‌లో గ్రంథులు మామూలుగా ఉంటే అన్నీ తీసేయక్కర్లేదు. నీలి రంగు మందు ఎక్కించి, అది ముందుగా చేరిన రెండు మూడు గ్రంథులను తీసి చూస్తారు, దాన్ని సెంటినెల్ బయాప్సీ అంటారు. అవి శుభ్రంగా ఉంటే మిగతావి ముట్టుకోరు. అన్నీ తీసిన వారిలో నూటికి 20 మందికి చేయి వాస్తుంది, ఇలా చేసినవారిలో ఐదారుగురికే. అంట్లు తోమే చేయి, బిడ్డనెత్తుకునే చేయి కాబట్టి ఈ తేడా చాలా పెద్దది. మరుసటి రోజు మూత్రం నీలంగా వస్తే కంగారు పడకండి, ఆ రంగు మందే.

ఎక్కడ, ఏ డబ్బుతో?

రెడ్ హిల్స్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి 1955 నుంచి ఉంది. లక్డీకాపుల్ మెట్రో దిగితే దగ్గరే. ప్రభుత్వ ఆస్పత్రి, జనం చాలా ఎక్కువ, ఓపీ రోజున పొద్దున్నే వెళ్లి సాయంత్రం దాకా ఉండేలా సిద్ధపడాలి. రోజూ ఇన్ని కేసులు చూసే చేతులు కావడం దాని బలం. పంజాగుట్టలో నిమ్స్, అదీ ప్రభుత్వానిదే. క్యాన్సర్‌తో పోయిన తన భార్య పేరిట ఎన్టీఆర్ తలపెట్టిన బసవతారకం ఆస్పత్రి 2000లో బంజారాహిల్స్‌లో మొదలైంది, ట్రస్టుది. ఆ తర్వాత కార్పొరేట్ ఆస్పత్రులు చాలా.

ఈ నాలుగు రకాల్లో ఏది గొప్పదని నన్నడిగితే నేను తిరిగి అడిగేది ఇది: మీ కేసును సర్జన్, కీమో డాక్టర్, రేడియేషన్ డాక్టర్ ముగ్గురూ కలిసి కూర్చుని చూస్తారా? దాన్ని ట్యూమర్ బోర్డు అంటారు. ఆ పద్ధతి ఉన్న సాదా ఆస్పత్రి, అది లేని మెరిసే ఆస్పత్రి కంటే మేలు. రెండోది, రేడియేషన్ మిషన్ అక్కడే ఉందా? మూడోది, ఇంటికి దూరం. చికిత్స నెలల తరబడి సాగుతుంది, హెర్‌టూ ఇంజెక్షన్ అయితే మూడు వారాలకోసారి ఏడాది పాటు.

ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణలో 2023 డిసెంబరులో ఏడాదికి కుటుంబానికి 10 లక్షలకు పెంచారు. కార్డు ఉంటే మొదటి రోజే ఆస్పత్రిలో ఈ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రను కలవండి. చికిత్స మొదలుకాకముందే అనుమతి రావాలి, సగం డబ్బు కట్టేశాక గుర్తొస్తే లాభం లేదు. మీకు రాసిన మందు, మీకు చెప్పిన రేడియేషన్ రకం ప్యాకేజీలో ఉన్నాయో లేదో అక్కడే రాయించుకోండి.

మందుల్లో కూడా ఎంపిక ఉంది. హెర్‌టూకు ఇచ్చే ట్రాస్టుజుమాబ్‌కు 2014 నుంచి మన దేశంలో తయారైన బయోసిమిలర్లు, అంటే అసలు మందును పోలిన మందులు, దొరుకుతున్నాయి. ప్రభుత్వ అనుమతి ఉన్నవే కాబట్టి, విదేశీ బ్రాండ్ కొనలేక సగం కోర్సులో ఆపడం కంటే బయోసిమిలర్‌తో ఏడాదీ పూర్తి చేయడం ఎంతో మేలు. మధ్యమధ్యలో గుండెకు ఎకో తీయించాలి.

నాటు మందు గురించి ఎవరో ఒకరు చెబుతారు. వాంతులు తగ్గడానికి అల్లం కషాయం తాగుతామంటే డాక్టరుకు చెప్పి తాగండి. గడ్డ కరగడానికి ఆకు పసరు కడతామని చికిత్స వాయిదా వేయడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. ఆరు నెలల తర్వాత పుండుతో ఎంఎన్‌జే మెట్ల మీద కూర్చున్నవాళ్లను నేను చూశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

జబ్బు ఎముకలకో ఊపిరితిత్తులకో చేరాక తెలిస్తే లెక్క మారుతుంది. అప్పుడు రొమ్ము తీసేసినంత మాత్రాన ఆయుష్షు పెరగదని ముంబై టాటా మెమోరియల్ ఆస్పత్రి అధ్యయనం 2015లో తేల్చింది. అక్కడ ప్రధానం మందులే. హార్మోన్ పాజిటివ్ అయితే మాత్రలతోనే ఏళ్లు గడిపేవాళ్లు ఉన్నారు. పాల్బోసిక్లిబ్ అనే మాత్రకు 2023లో పేటెంట్ తీరాక జెనరిక్‌లు వచ్చి ధర బాగా తగ్గింది. నొప్పి భరించాల్సిన పని లేదు, ఎంఎన్‌జేలో నొప్పి తగ్గించే పాలియేటివ్ విభాగం ఉంది, జబ్బు ముదిరినవాళ్లను చూసుకునే స్పర్శ్ హోస్పిస్ ఉచితంగా చూస్తుంది.

ఆ తర్వాతి ఐదేళ్లు

హార్మోన్ పాజిటివ్ అయితే రోజుకో మాత్ర, కనీసం ఐదేళ్లు. నెలసరి ఇంకా వస్తున్నవాళ్లకు ఎక్కువగా టామాక్సిఫెన్, ఆగిపోయినవాళ్లకు లెట్రోజోల్ లాంటివి. టామాక్సిఫెన్‌తో ఒంట్లో ఆవిర్లు, అరుదుగా కాళ్లలో రక్తం గడ్డకట్టడం, గర్భాశయ లోపలి పొర మందం కావడం ఉంటాయి. నెలసరి ఆగాక మళ్లీ రక్తం కనిపిస్తే వెంటనే చూపించుకోవాలి. లెట్రోజోల్‌తో కీళ్ల నొప్పులు, ఎముకలు పలచబడటం. వదినకు 52, లెట్రోజోల్ ఇచ్చారు. మొదటి ఏడాది పొద్దున్నే మెట్లు దిగాలంటే రెయిలింగ్ పట్టుకునేది. కాల్షియం, విటమిన్ డి, రోజూ నడకతో కాస్త సర్దుకుంది. రెండో ఏట "నాకేం లేదు కదా, ఈ మాత్ర ఆపేస్తా" అంది. ఆపనివ్వలేదు. చాలామంది ఇక్కడే చేయి వదిలేస్తారు. నొప్పులు మరీ ఎక్కువైతే ఆపేయకుండా డాక్టరును మందు మార్చమని అడగండి, మార్చడానికి వేరేవి ఉన్నాయి.

మొదటి రెండు మూడేళ్లు మూడు నుంచి ఆరు నెలలకోసారి డాక్టరు చేతి పరీక్ష, ఏడాదికోసారి మిగిలిన రొమ్ముకు మామోగ్రామ్, ఎముకలకు డెక్సా స్కాన్. ఏ బాధా లేకపోయినా ఏటా ఒళ్లంతా చూసే పెట్ స్కాన్ తీయిద్దామని అన్నయ్య పట్టుబట్టాడు. అక్కర్లేదని డాక్టరే చెప్పారు, లక్షణాలు లేనప్పుడు తీసే స్కాన్ ఆయుష్షు పెంచదు, టెన్షన్ పెంచుతుంది. ఆ డబ్బు పెట్టి వదినకు జన్యు పరీక్ష చేయించాం, వాళ్ల అమ్మకూ 45 లోపే ఇదే జబ్బు వచ్చింది కాబట్టి. బీఆర్‌సీఏలో లోపం లేదని తేలింది. అయినా మా మేనకోడలికి కుటుంబ చరిత్ర ఉంది కనుక ఏ వయసు నుంచి స్కానింగ్ మొదలుపెట్టాలో డాక్టరు ఫైలులో రాసిచ్చారు. ఆ కాగితం జిరాక్స్ తీసి తన హాస్టల్ ట్రంకు పెట్టెలో పెట్టుకుంది.